మూడు చక్రాల బండికి నాలుగో నిమ్మకాయ

మాట్లాడే ముందు, ఈ సాయంత్రం ఇంతవరకూ జరిగినవి వరుసగా మనవి చేస్తాను. క్రమం తప్పితే నాకు మాట రాదు.

ఒకటి: మైకు పనిచేయలేదు.

రెండు: సభాధ్యక్షులు భూమేష్ గారు దాన్ని అరచేత్తో గట్టిగా చరిచారు, పనిచేసింది.

మూడు: ఆ ఉత్సాహంలో వారు నన్ను ‘విమానాల కెప్టెన్’ అనీ, ‘బ్రిటిష్ సైన్యానికి కుడిభుజం’ అనీ పరిచయం చేశారు.

నాలుగు: నాకు శాలువా కప్పారు. ఫ్యాను గాలికి దాని కొంగు లేచింది. నేను ఆలోచించకుండానే దాన్ని ఒడిసిపట్టి నడుముకు చుట్టి ముడివేశాను. మీరందరూ నవ్వారు. లేచే బట్టను చూస్తే కట్టిపడేయడం నా వృత్తి నాకంటించిన జబ్బు. మన్నించాలి.

ఇక పద్ధతి ప్రకారం: నా పదవీవిరమణ సన్మాన సభను నడిపిస్తున్న భూమేష్ గారికి, బహ్రెయిన్‌లోని ఈ అద్లియా పేటలో తమ హోటలు మేడమీది ఈ హాలును మనకోసం తెరిచిన ఆత్మీయ అతిథి ఇస్హాఖ్ సాబ్‌కు, వారానికి ఒక్కటే దొరికే విశ్రాంతి రోజును నా మీద ఖర్చుచేసి మామీర్ కార్మికుల క్యాంపు నుంచి బస్సులో వచ్చిన తమ్ముడు వెంకటికి, అతని మిత్రబృందానికి, ముందు వరుసలో కూర్చుని నేనేం చెప్పబోతున్నానోనని ఇప్పటికే నా వైపు గుర్రుగా చూస్తున్న మా అత్తమ్మ పోచవ్వ గారికి, ఆమె పక్కనే తల వంచుకున్న నా సహధర్మచారిణి మల్లికకు, పేరుపేరునా నమస్కారాలు.

మొదట ఒక సవరణ. నేను కెప్టెన్‌ను కాను, వారెంట్ ఆఫీసర్‌ను. సైన్యం హెలికాప్టర్ నడిపాను, విమానం కాదు. వారెంట్ ఆఫీసర్ అంటే ఏమిటని మా ఊరు మెట్‌పల్లిలో ఎవరడిగినా నేను చెప్పే వివరణ ఒకటే: సిపాయిలు ‘సార్’ అంటారు, పై అధికారులు ‘మిస్టర్’ అంటారు, అందరూ మర్యాద చేస్తారు, కానీ ఏ వరుసలో కూర్చోబెట్టాలో ఎవరికీ తోచదు. మన వైపు ఇల్లరికపుటల్లుడికి ఉండే హోదా అన్నమాట. (నవ్వులు)

ఆ సైన్యంలో సిపాయిగా చేరినవాడు కూడా పరీక్షలు నెగ్గితే హెలికాప్టర్ నడపవచ్చు. ఆ ఒక్క నియమం లేకపోయి ఉంటే నేను ఈ రోజు కూడా ఇదే మేడ కింద, ఇస్హాఖ్ సాబ్ వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండేవాణ్ణి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను: ఇంటర్మీడియట్ మధ్యలో వదిలేసి, ఊళ్లో అందరికీ ‘దుబాయి పోతున్న’ అని చెప్పి నేను దిగింది ఈ అద్లియాలోనే. ఏ మసాలా ఏ డబ్బాలో ఉందో, ఏ గిన్నె ఎప్పుడు దించాలో గోడ మీద పట్టీలు రాసి అతికించేవాణ్ణి.

“అరే నర్సు భాయ్, ఉల్లిగడ్డకు గూడ నంబరేసి కోసినవ్ గదా నువ్వు! కస్టమర్ ఆకలితోని చచ్చిండు!” 

అధ్యక్షా, ఇస్హాఖ్ సాబ్ కూర్చున్నచోటి నుంచే మాట్లాడుతున్నారు, ఇది సభామర్యాద కాదు. కానీ ఆయన చెప్పింది నిజం. (నవ్వులు)

అక్కడి నుంచి ఇంగ్లండులో ఒక హోటలుకు, ఆ హోటలు నుంచి సైన్యంలో వంటవాడి ఉద్యోగానికి చేరాను. పగలు బంగాళాదుంపలు చెక్కుతూ, సాయంత్రాలు పాత పుస్తకాల దుకాణంలో కొన్న విమానశాస్త్రం చదువుకుంటూ, అర్థంకాని మాటకు నిఘంటువు, నిఘంటువులో అర్థంకాని మాటకు ఇంకో నిఘంటువు పట్టుకుని, చివరికి పైలట్ల ఎంపికలో ఒక పెద్దమనిషి ఎదుట నిలబడ్డాను. “వంటింటి నుంచి ఆకాశానికి ఎందుకు?” అని అడిగాడాయన. “అయ్యా, వంటింట్లో నాలుగు పొయ్యిలు ఒకేసారి చూడాలి, నిలబడి చూడాలి. ఇక్కడ కూర్చుని చూడవచ్చునని విన్నాను” అన్నాను. ఆయన నవ్వలేదు, కానీ తీసుకున్నాడు. కొన్నేళ్లకు ఒక జనరల్‌ను వెనక కూర్చోబెట్టుకుని కొండల మీదుగా పోతుంటే, “ఇంతకుముందు ఏ విభాగంలో పనిచేశావు?” అని ఆయన ఆదరంగా అడిగాడు. “పాకశాల, సార్” అన్నాను. వెనక బెల్టు బిగించుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. (నవ్వులు)

ఇరవై రెండేళ్ల సర్వీసులో చివరి రెండేళ్లకు, శిక్షణ బృందంతో కలిపి, విధి నన్ను మళ్లీ బహ్రెయిన్‌కే పంపింది. బుసైతీన్‌లో, మా హెలికాప్టర్లు దిగే స్థావరానికి దగ్గరలోనే, ఇల్లు తీసుకున్నాం. నాతో కాపురం ఎలా ఉంటుందో మల్లిక చెబితే బాగుంటుంది, కానీ ఆమె మైకు ముట్టదు కాబట్టి నేనే చెబుతాను. హెలికాప్టర్‌లో ఎగిరే ముందు ఒకరు తనిఖీ పట్టీ చదువుతారు, ఇంకొకరు సరిచూసి జవాబు చెబుతారు. ఇంటికి తాళం వేసేటప్పుడు కూడా మాది అదే పద్ధతి. 

“గ్యాసు?” అంటాను. 

“బందు.” 

“నల్లా?” 

“బందు.” 

“తాళంచెవి?” 

“నీ చేతిలనే ఉన్నది.” 

“అత్తమ్మ?” 

“ఎప్పుడో కారుల కూసున్నది, నిన్ను తిడుతున్నది.” (నవ్వులు)

మా అత్తమ్మ నా పదవీవిరమణ చూడటానికి విజిట్ వీసా మీద వచ్చారు. వచ్చిన మొదటి వారంలోనే, బీరకాయ కూర వడ్డిస్తుండగా, నేను ఆమెకు మా వృత్తిధర్మాలు సవిస్తరంగా బోధించాను. అందులో ముఖ్యమైనది ఇది: హెలికాప్టర్ దగ్గరికి పోయిన ప్రతి వస్తువూ లెక్క ప్రకారం తిరిగి రావాలి. ఒక్క మరమేకు కనబడకపోయినా, ఒక్క గుడ్డపీలిక కనబడకపోయినా, అది దొరికేదాకా బండి నేల విడిచి లేవదు. ఎక్కడ ఇరుక్కుందో, గాల్లో ఎక్కడ అడ్డుపడుతుందో ఎవరికీ తెలియదు కనుక. అత్తమ్మ చాలా శ్రద్ధగా విన్నారు. నా మాటలు ఆ ఇంట్లో అంత శ్రద్ధగా విన్నవారు అంతకుముందు లేరు, అందుకని ఎంతో సంతోషించాను. ఆ సంతోషం తొందరపాటని తరువాత తేలింది.

గత నెలలో నా ఆఖరి ప్రయాణం రోజు వచ్చింది. నడపడానికి నాకున్న అనుమతి ఆ రోజుతో ముగుస్తుంది, మర్నాటి నుంచి నేను ప్రయాణికుణ్ణి మాత్రమే. నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. సముద్రం మీదుగా పోయి, మామీర్ పక్కనుంచి తిరిగి వచ్చి, దిగి, ఇంజను ఆపి, పైన రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఒక్కణ్ణీ సీట్లో కూర్చోవాలి. అంతే. వారం రోజుల ముందునుంచే ఇంట్లో, బజారులో, టెలిఫోనులో, కనబడిన ప్రతివారితో ‘ఆఖరిసారి పోతున్న’ అని చెప్పుకుంటూ తిరిగాను. మామీర్‌లో వెంకటి వాళ్లు క్యాంపు డాబా ఎక్కి తువ్వాలలు ఊపుతామన్నారు. కుటుంబాన్ని స్థావరానికి తీసుకురమ్మని మా పై అధికారులు అనుమతి ఇచ్చారు. భూమేష్ గారు కూడా వచ్చారు. వారు తెచ్చిన బంతిపూల దండను మా సార్జెంట్ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, వారి చేతికే ఇచ్చాడు. వారు సాయంత్రం దాకా ఆ సంచిని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డారు.

“నాకేమెరుక నర్సన్నా, పూలకు గూడ పాసు కావాల్నని!” 

కావాలి అధ్యక్షా. రాతపూర్వకంగా కావాలి.

నేను లోపలికి పోయి దుస్తులు మార్చుకుని వచ్చేసరికి జరగవలసింది జరిగిపోయింది. మన దగ్గర కొత్త లారీ అయినా, పాత ట్రాక్టరైనా, దూరం పోయే ఏ బండి అయినా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టనిదే కదలదు కదా. అత్తమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. ఫోటోల కోసమని వాళ్లను బండి దగ్గరికి తీసుకుపోయిన సైనికుడు కెమెరా సవరించుకుంటూ ఉండగా ఆమె వంగి పని మొదలుపెట్టారు. నేను చేరేసరికి నడుము మీద చేయి వేసుకుని హెలికాప్టర్‌ను పరీక్షగా చూస్తున్నారు.

“ఏంది అల్లుడా, గింత పెద్ద బండికి మూడే చక్రాలున్నయ్? ఆటోనా ఏంది?” (నవ్వులు)

సార్జెంట్ నిమ్మకాయలను చూశాడు. నన్ను చూశాడు. “ఇవి ఎన్ని?” అన్నాడు. అనువదించాను. “నాలుగు తెచ్చిన” అన్నారు అత్తమ్మ. చక్రాల కింద మూడు దొరికాయి. “నాలుగోది?” అన్నాను. అత్తమ్మ ఆకాశం వైపు చూసి, నేల వైపు చూసి, “పెట్టిన కొడుకా, యాడనో పెట్టిన. ముసల్దాన్ని, యాదికుంటదా?” అన్నారు.

అంతటితో నియమం అమలులోకి వచ్చింది. బండి లేవదు. సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని బోర్లా పడుకుని వెతికారు. మూతలు విప్పారు, సీట్లు తీశారు, తోక దాకా తడిమారు. సార్జెంట్ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, “సార్, తెలుసుకుందామని అడుగుతున్నాను, ఈ కాయ ఏం పనిచేస్తుంది?” అన్నాడు. “బండికి ఏ ప్రమాదమూ రాకుండా కాపాడుతుంది” అన్నాను. “అయితే పనిచేస్తున్నట్టే. ఈ రోజు దీనికి ఏ ప్రమాదమూ జరిగే అవకాశం లేదు” అన్నాడు. (నవ్వులు)

నేను నవ్వలేదు. వెలుతురు పోయింది. ప్రయాణం రద్దయింది. ఆ రోజుతో పాటు నా అనుమతీ పోయింది. మామీర్‌లో వీళ్లు చీకటి పడేదాకా డాబా మీద ఉన్నారట.

“చేతులు గుంజేదాక ఊపినమన్నా. కొంగలకు గూడ ఊపినం!” 

వెంకటీ, నీ చేతులకు నా క్షమాపణ.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తమ్మ అన్నం కలుపుతూ, రొంటిన చేయి పెట్టి, నాలుగో నిమ్మకాయను తీసి నా కంచం పక్కన పెట్టారు.

“అత్తమ్మా! ఎక్కడ దొరికింది?” 

“పోనిది దొరుకుడేంది?” 

(సభలో కలకలం) కూర్చోండి, కూర్చోండి. అత్తమ్మా, మీరు కూడా.

నాకు ఎంత కోపం వచ్చిందో ఈ మర్యాదగల సభలో చెప్పలేను. ఇరవై రెండేళ్లు దాచుకున్న ఒక్క కోరికను ఈమె రొంటిన దోపుకుని కూర్చుందే అనుకున్నాను. “ఎందుకు చేసినవ్?” అని గద్దించాను. ఏకవచనంలోనే గద్దించాను. ఆమె బెదరలేదు.

“నువ్వే చెప్తివి గద, ఒక్కటి లెక్క తప్పినా బండి లేవదని. అందుకే చేసిన. వారం సంది ఏమంటున్నవ్? ఆఖరిసారి పోతున్న, ఆఖరిసారి పోతున్న! గడప దాటేటోడు పోయొస్త అంటడు గని, ఆఖరిసారి పోతున్న అంటడా? నీకు నోట్లె మాటే. నా బిడ్డ వారం సంది మెతుకు ముట్టలే. అది నీకు అగుపడలే.”

అగుపడలేదు. ఇంట్లో గ్యాసు, నల్లా, తాళంచెవి అన్నీ సరిచూసుకున్నవాణ్ణి, నాకది అగుపడలేదు. మల్లిక వైపు చూశాను. “అమ్మా, ఊకో” అని లేచి పోయింది. నేను సార్జెంట్‌కు ఫోను చేసి వస్తువు దొరికిందని చెప్పాను. ఎక్కడ దొరికిందని అడిగాడు. “మా అత్తగారి అదుపులో” అన్నాను.  “ఆవిడ మా దగ్గర ఉద్యోగం చేస్తారా?” అని అడిగాడు. (నవ్వులు)

మర్నాడు మధ్యాహ్నం నా ప్రయాణాన్ని నా కింద నేర్చుకున్న ఒక యువకుడు నడిపాడు. నేను ఇంట్లో ఉన్నాను. వెంకటీ, ఆ రోజు మీరు డాబా ఎక్కి ఊపింది నాకు కాదు. ఆ అబ్బాయి దిగాక, “సార్, కింద ఎవరో ఎర్ర తువ్వాలలతో ప్రమాద సంకేతం ఇస్తున్నారు” అని నాకు ఫోనులో నివేదించాడు. వాళ్లు నా మిత్రులేనని సర్దిచెప్పాను. (నవ్వులు)

ఆ హెలికాప్టర్ లేచే సమయానికి మల్లిక ఖాళీ బుట్ట తీసుకుని మేడమీదికి బయలుదేరింది. “బట్టలు తెస్త” అంది. “పొద్దున్నే తెచ్చావు కదా” అన్నాను. ఆమె అప్పటికే మెట్లు ఎక్కుతోంది. వెనకే వెళ్లాను. బహ్రెయిన్ ఎండలో బట్టలు ఆరడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు, పిండుతుండగానే ఆరుతాయి. అయినా నేను డ్యూటీకి పోయిన ప్రతిరోజూ ఈమె ఎందుకు అన్నిసార్లు డాబా ఎక్కుతుందో నేను ఎన్నడూ అడగలేదు. శుభ్రత ఎక్కువ అనుకున్నాను. తీగ మీద ఒక్క గుడ్డ లేదు. ఆమె నీళ్ల ట్యాంకు పక్కన, సముద్రం వైపు తిరిగి నిలబడింది.

హెలికాప్టర్ చప్పుడు దూరంగా పోయింది. నాకు తెలిసిన విద్య కదా, ఊరుకోలేక, “ఇప్పుడు గాలికి ఎదురు తిరుగుతాడు, తరువాత...” అని మొదలుపెట్టాను.

“మాట్లాడకు. ఇనబడది” అంది.

ఊరుకున్నాను. ఆ చప్పుడు లోపలి నుంచి విన్నదే గానీ, ఇలా ఒకరి కోసం ఎదురుచూస్తూ నేనెప్పుడూ వినలేదు. లోపల ఉన్నంతసేపూ అది ఆగదు, కనుక భయమూ ఉండదు. బయట అలా కాదు, సముద్రం మీద అది పూర్తిగా మాయమవుతుంది. ఎంతసేపటికీ రాదు. గడియారం చూసుకున్నాను. ఆ అబ్బాయికి నేర్పింది నేనే, ఆ యంత్రంలో ప్రతి మరమేకూ నాకు తెలుసు, అయినా మళ్లీ చూసుకున్నాను. మళ్లీ వినిపించింది. దగ్గరయింది, దిగింది. ఇంజను ఆగింది. మల్లిక అప్పటికీ కదలలేదు. రెక్కలు మెల్లగా తిరుగుతూ చేసే చిన్న చప్పుడు ఒకటి ఉంటుంది, గాలి మా వైపు వీస్తోంది కాబట్టి అందింది. అదీ ఆగాక బుట్ట చేతికి తీసుకుని, “వచ్చిండు” అంది.

“మనింటి వాడు కాదు కదా” అన్నాను.

“ఎవలైతేంది. ఆ పిలగాని కోసం గూడ ఎవలో ఒకలు ఇంటుంటరు.”



ఆ బుట్ట నేను అందుకున్నాను. ఇద్దరం మెట్లు దిగాం. కింద అత్తమ్మ ఆ నిమ్మకాయను కోసి షర్బత్ చేసి పెట్టారు. తాగాను. ఆమెకు చెప్పవలసిన క్షమాపణ ఆ రోజు నోటికి రాలేదు కాబట్టి, ఇంతమంది ఎదుట, బహువచనంలో చెబుతున్నాను: అత్తమ్మా, మన్నించండి.

“సరే గని, తొందరగ కానీ. వీళ్లకు ఆకలైతున్నది.”

ఆజ్ఞ. భూమేష్ గారికి, ఇస్హాఖ్ సాబ్‌కు, వెంకటికి, క్యాంపు మిత్రులకు, ఇక్కడ లేని మా సార్జెంట్‌కు కృతజ్ఞతలు. మల్లికకు కృతజ్ఞత అనే మాట చిన్నది, పెద్దది నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు. కింద వడ్డన మొదలైనట్టు వాసన వస్తోంది. మీ ఆకలికీ నా మాటకూ మధ్య ఇంకా నిలబడడం న్యాయం కాదు కనుక, ఇక్కడ దిగిపోవడానికి సెలవు కోరుతున్నాను.

దిగిన సమయం: రాత్రి ఎనిమిది గంటల పది నిమిషాలు.

చిలివేరి రాజనర్సు