ఫ్లాపీకి అడ్డం పడింది

మా నాన్న బందరులో ఒక ఆఫీసు వేలంలో కొన్న పాత కంప్యూటర్ దసరా మర్నాటి నుంచి మొండికేసింది. అవనిగడ్డలో టీవీలు బాగుచేసే మా బాబాయి వచ్చి దాన్ని విప్పాడు. నేను పక్కన టార్చిలైటు పట్టుకున్నాను.

“ఏడవకే. లైటు ఊగిపోతోంది.”

“నాన్న సాయంత్రం చేపల వేట నుంచి వచ్చేస్తాడు బాబాయ్. ఇది నడవకపోతే పాత ఇనుముకి ఇచ్చేస్తానన్నాడు.”

“ముందు ఏమైందో సరిగ్గా చెప్పు.”

“ఫ్లాపీ లోపలిదాకా వెళ్లడం లేదు. అది పెడితేగానీ ఇది మొదలవ్వదు కదా.”

“బలవంతంగా తోశావా?”

“లేదు, ఒట్టు.”

“బతికించావు. ఇదిగో, అడ్డం దొరికింది. చెయ్యి పట్టు.”

“బియ్యపు గింజలా? పసుప్పచ్చగా ఉన్నాయేంటి?”

“అక్షింతలే పిచ్చిమొహమా! పండగనాడు దీనికి పూజ ఎవరు చేశారు?”

“నానమ్మ. పడవ ఇంజనుకి వేసినట్టే దీనికీ గుప్పెడు వేసింది.”

“వేస్తే వేసింది, సరిగ్గా దీని నోట్లోనే వేసింది మా అమ్మ!”

“నాన్నతో చెప్పకు బాబాయ్. నానమ్మ మీద కేకలేస్తాడు.”

“చెప్పన్లే. ఇప్పుడు ఫ్లాపీ పెట్టు. మెల్లగా.”

“వెళ్లింది! కిర్రుమంటోంది! బాబాయ్, అక్షరాలు వచ్చాయి!”

“ఏదైనా కొట్టి చూడు.”

“నా పేరు కొట్టాను. ఇంగ్లీషులో ఏదో అంటోంది.”

“నువ్వెవరో తనకి తెలీదంటోంది.”

“తెలీకపోతే పోనీ బాబాయ్. మాట్లాడింది, అదే చాలు.”