ఎవరూ చూడని గడి

పాత పుస్తకాల జాబితాను సరిచేసి కొత్త కంప్యూటర్లోకి ఎక్కించేందుకు వచ్చిన అమ్మాయి, లైబ్రేరియన్ బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

“మాస్టారూ, ‘గమనిక’ అని ఒక గడి ఉంది కదా, చినిగిన పేజీలుంటే రాసేది. అందులో ఏవేవో రాసున్నాయి.”

“ఏమని?”

“భూగోళం పుస్తకానికి, ‘పొద్దున్నుంచీ వాన. ఒక్కరూ రాలేదు.’ తేనెటీగల పెంపకానికేమో, ‘మూడ్రోజులుగా జ్వరం. ఎవరికీ చెప్పలేదు.’”

“నేనే రాశానమ్మా. ఆ గడి ఎవరూ చూడరు కదా అని.”

“కొత్తదాంట్లో అందరికీ కనిపిస్తుంది మాస్టారూ.”

“అయితే తీసెయ్. ఎన్నున్నాయేంటి?”

“నాలుగొందల పన్నెండు. విడిగా ఎక్కడైనా దాచిపెట్టనా?”

“ఎవరు చదువుతారని? తీసెయ్.”

“చివరిది మొన్న సోమవారం రాశారు.”

“అది చదవకు.”

“చదివేశాను. ‘కంప్యూటర్ పనికి ఒక అమ్మాయి వచ్చింది. వసపిట్టలా వాగుతూనే ఉంది. శుక్రవారానికి పనైపోతుందట.’”

“ఏమీ అనుకోకమ్మా.”

“ఇవాళ శుక్రవారమే మాస్టారూ.”

“తెలుసు. ఇంకెన్ని పుస్తకాలు మిగిలాయి?”

“ముప్ఫై ఉంటాయేమో. గంట పని.”

“మెల్లగా కానియ్యమ్మా. తొందరలో తప్పులు దొర్లుతాయి.”