ఉచ్చీరప్ప పత్తి చేను

పంట నష్టం రాసుకునే వ్యవసాయం మేడం ఈ పొద్దు ఊర్లోకి వస్తాదని ముందే చెప్పినారు. ఉచ్చీరప్పది మూడెకరాల పత్తి. వానల్లేక నిలువునా ఎండిపోయింది. సర్కారిచ్చే ఆ ఇన్‌పుట్ సబ్సిడీ పరిహారం పడితేనే ఈ ఏడు ఊర్లో ఉంటాడు, లేకుంటే పెండ్లాం బిడ్డలను తోలుకోని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయనీకి సుగ్గికని వలస పోవాల్సిందే. అందుకే సర్దార్ టీ బంకు కాడ కూచోని మేడం కోసం కాసుకోనుండాడు.

కూచున్నోడు నోరు మూసుకోని కూచుంటే ఏ బాధా ఉండేది కాదు. బెంచీ ఆ కొసన టీ తాగుతాండే కొత్త పాపను బడికొచ్చిన టీచరమ్మ అనుకున్నాడు. "ఈ ఏడు పత్తి ఎట్లుందప్పా?" అని ఆ పాప అడిగె. కొత్తోల్ల ముందర ఎండిందని చెప్పనీకి మనోనికి నోరు రాలేదు.

"మోకాలు దాటిందమ్మా" అన్నాడు. అంతటితో ఆపింటే బాగుండు. "మోకాలంటే నాది కాదు, ఒంటెది!"

"నిన్న నడుము దాకా అంటివే?" అన్నాడు పక్కనున్న శేషన్న.

"అది నిన్నటి మాట! ఈ పొద్దు నా పెండ్లాం హులిగమ్మ నిచ్చెనేసుకోని కోస్తాంది. పై కొమ్మలో ఉన్నామెను సద్దికి పిలవాలంటే ఫోన్ కొట్టాల్సిందే. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఒక కాయ జారి మా ఎద్దు మీద పడె!"

"నీకు ఎద్దు యాడిదప్పా?" అన్నాడు సర్దార్, టీ వడగడతా.

"కాయ పడి సచ్చిపోయె, ఇంక యాడుంటాది! దేవరగట్టు పండగలో కొట్టుకునే కట్టెలు యాడియనుకుంటివి? నా పత్తి కట్టెలే! ఇంతలో గాలి లేసె. దూదంతా పైకి పోయి ఆదోని మీద నిలిచె. మబ్బు పట్టిందని జనం గొడుగులు తీసినారంట, మార్కెట్ యార్డులో మూటల మీద పట్టలు కప్పినారంట!"

ఆ పాప గ్లాసు కింద పెట్టి సంచిలోంచి ట్యాబ్ తీసింది. "నేను శిరీష, పంట నష్టం రాయనీకి వచ్చినా. ఇంత పండినోనికి పరిహారం ఎట్లిస్తామప్పా?"

ఉచ్చీరప్పకు పై ప్రాణం పైనే పోయింది. లేసి నిలబడి చేతులు జోడించినాడు. "మేడం, అన్నీ కోతలు! నేను పుట్టి బుద్ధెరిగి నిజం చెప్పిన పాపాన పోలేదు. సర్దారన్నా, నేను అబద్ధాలోన్నని నువ్వన్నా చెప్పు!"

"మొన్న ఆ మాటంటే కొట్టనీకి వస్తివి కదప్పా. నేను చెప్పను."

"ఇప్పుడు కొట్టనన్నా, నీ కాళ్లు మొక్కుతా, ఒక్క తూరి అను!"

ఉచ్చీరప్ప కండ్లల్లో నీళ్లు చూసి శిరీష నవ్వు ఆపుకుంది. "ఎవురూ చెప్పే పన్లేదు. నీ చేను చూసే వచ్చినా. చెట్టు నా చీలమండ కాడికి గూడా లేదు. నువ్వు యాడుంటావని నీ పెండ్లాన్ని అడిగితే, టీ బంకు కాడ ఎవురు గట్టిగా మాట్లాడతాంటే ఆయప్పే అనింది. నష్టం నూటికి నూరు రాసినా. ఈడ వేలు పెట్టు."

ఉచ్చీరప్పకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాంతోపాటే నోరు గూడా వచ్చింది. "నూరేనా మేడం? నిజం చెప్పాలంటే నాది నూటికి నూటయాభై ఎండింది..."

"నోరు మూసుకోని వేలు పెట్టప్పా. లేకుంటే ఇందాక నువ్వు చెప్పిందే రాస్తా."

ఉచ్చీరప్ప నోరు మూసుకోని వేలు పెట్టినాడు.