దొరల ఊరి బొడ్డురాయి

లోవరాజని, మన కోరంగోడే, తెరచాప ఓడలో వంటోడు. మా తాత తాత కాలం అనుకో. ఆ ఓడ సముద్రాలన్నీ దాటుకుని స్కాట్లాండంట, దొరల దేశం, అక్కడో పాత ఊరి రేవులో ఆగిందంట. సరంగు ఏవన్నాడంటే, "గంటమేడ పన్నెండు కొట్టేసరికి ఓడ కదిలిపోద్దిరా. రాకపోతే ఆగం. మళ్ళీ మనోళ్ళ ఓడ ఏడాదికిగానీ రాదు" అన్నాడంట. ఈడు బయల్దేరేనాటికే పెళ్ళాం నీళ్ళోసుకుంది. ఈ ఓడెక్కితేనే పురుడు టయానికి ఇంటికాడుంటాడు. అయినా కాలు నిలబడొద్దూ! ఊరు సూసొత్తానని ఎల్లేడు.

ఎల్లి సూత్తే రాతి వంతెన, అవతల కప్పులేని గుడి, గుడి సుట్టూ సమాదులు. గంటమేడంట, దాని కిందే జైలంట. పైన టైము, కింద ఖైదీలు, బాగానే కుదిరింది. ఏమైందంటే, సంత నడిమజ్జిన ఓ రాతి స్తంభం, మీద ఒంటికొమ్ము గుర్రం. పిట్టలు రెట్టలేసి ఒళ్ళంతా తెల్లగా ఉంది. లోవరాజుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేయంట. ఓరి నాయనో, ఈళ్ళ బొడ్డురాయి! ఊరికి బొడ్డు కదా, పట్టించుకున్నోడే లేడే అనుకున్నాడంట. వంటోడు కదా, మూటలో పసుపుండదా? గుర్రాల తొట్టిలో నీళ్ళు తెచ్చి కడిగి, నిలువెల్లా పసుపు రాసి, "పురుడు టయానికి ఇంటికి సేర్చు తల్లీ" అని మొక్కేడు.

కళ్ళు తెరిత్తే సుట్టూ బంట్రోతులు. ఊరి పెద్దదొర కాడికి ఈడ్సుకుపోయేరు. రాజుగారి స్తంభం పాడుసేసేవు, మూడ్రోజులు జైలన్నాడంట. ఈడు తనకొచ్చిన ఓడ ఇంగిలీసులో, బాబూ, మీ ఊళ్ళో సాటింపు ఎక్కడేత్తారు అనడిగేడు. "ఆ స్తంభం కాడే." "రాజు మారితే ఎక్కడ సెప్తారు?" "దాని కాడే." "మరి ఊరికి బొడ్డు కాకపోతే ఏటి బాబూ?" దొర వంగి తన బొడ్డుకేసి సూసుకున్నాడంట. నేను సూళ్ళేదనుకో. "సరే, ఆ పసుపు కడిగేసి పో" అన్నాడు.

కడుగుతాడు, కడుగుతాడు, రాతికి పట్టిన పసుపు పోద్దా? ఈలోగా గంట మొదలెట్టేసింది. ఒకటి, రెండు, మూడు... సేపలమ్మే ముసలామె, కొడుకు సముద్రం మీదే ఉన్నాడంట పాపం, ఈడి సేతిలో గుడ్డ లాక్కుని, "నే కడుగుతాలే, ఫో!" అని ఒక్క తోపు తోసింది. పరుగో పరుగు. పన్నెండో దెబ్బకి ఓడ నిచ్చెన పట్టుకున్నాడు. ముసల్ది కడిగిందా అంటే, కడగలేదంట. తరవాతెల్లిన ఓడోళ్ళు సూసేరు, గుర్రం కాళ్ళ కింద ఇంకా పచ్చగానే ఉందంట, సుట్టూ ఇనప కంచె కూడా కట్టేరంట.

లోవరాజు ఇక్కడ దిగి, ముందు మన బొడ్డురాయికి దణ్ణం పెట్టుకుని, అప్పుడెల్లి ఆ పొద్దుటే పుట్టిన కూతుర్నెత్తుకున్నాడు. ఆ కూతురి వంశమే నేను. మరి మన బొడ్డురాయేదీ అంటారా? మొన్న సిమెంటు రోడ్డేసినప్పుడు కిందకెల్లిపోయింది. ఇదిగో బుచ్చెమ్మా, నువ్వు పీటేసుకు కూకున్నావే, అక్కడే ఉండాలి. కాత్త జరుగు.