పెదాలు కనిపించే మాస్కు

చెవులు వినపడని పిల్లల బడిలో పాఠాలు చెప్పే కూతురు చెప్పులు వేసుకుంటుంటే, తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మాస్కు పెట్టుకోవడం ఇక మీ ఇష్టం అని ప్రభుత్వం వాళ్ళు అన్నారటగా! పక్క దేశంలోనూ ఇలాగే అన్నారు. మూడు వారాల్లో కేసులు రెట్టింపయ్యాయి. టీవీలో గీత నిచ్చెనలా పైకి పోయిందే!"

"ఇంకో దేశంలో తీసేసినా తగ్గాయి. ఆ గీత చూడలేదా అమ్మా?"

"మంచి వార్తలతో నాకేం పనే? నీకేమైనా అయితే?"

"పిల్లలు నా పెదాలు చూసే మాటలు నేర్చుకోవాలి. ఏడాదిగా నా కళ్ళే చూస్తున్నారు. ఇవాళ తీసేస్తానమ్మా."

తల్లి వెనక దాచిన చెయ్యి ముందుకు చాపింది. అందులో ఒక మాస్కు ఉంది. నోరుండే చోట గుడ్డ కత్తిరించి, కొత్త చొక్కా పెట్టె మీది, అవతలికి కనిపించే ప్లాస్టిక్ కాగితం కుట్టింది.

"ఊపిరికి మసకబారుతుందేమో!"

"లోపల సబ్బు రాసి తుడిచాను. నా కళ్ళజోడుకీ అదే వైద్యం. పెట్టుకో."

కూతురు పెట్టుకుంది. తల్లి రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

"ఇప్పుడేదైనా అను, చూస్తాను."

ప్లాస్టిక్ వెనక పెదాలు మెల్లగా కదిలాయి. 'సాయంత్రం తొందరగా వచ్చేస్తానమ్మా' అన్నాయి. తల్లికి ప్రతి మాటా తెలిసింది.

"సరిగ్గా తెలియలేదే," అంది. "ఇంకోసారి చెప్పు."