సీసాలో బూజు

ఏమన్నావే? రేపు ఆ గడ్డ తీశాక సీసాలో పెట్టి తల్లిదండ్రులకి చూపిస్తావా? ఆగు, ఇలా కూర్చో. నువ్వు డాక్టరమ్మవే కావచ్చు, ఆపరేషన్ గదిలో కత్తెరలందిస్తూ తల నెరిసింది మీ అత్తకి. మా పెద్దాయనకీ ఇదే అలవాటు. పెద్దాయనంటే మీ మావయ్య కాదే తల్లీ, పిల్లల గుండెలు కోసే మా పెద్ద డాక్టరుగారు! చాటుగా "గుండెలు తీసిన బంటు" అనేవాళ్ళం. వింటే ఆయనే పకపకా నవ్వేవారు. పోయి చాలా ఏళ్ళయిందిలే.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆ పిల్ల. నాలుగేళ్ళది. పుట్టుకతోనే గుండెలో చిల్లు. మాసిక వేసి పంపాం. కొన్నాళ్ళకి జ్వరంతో తిరిగొచ్చింది, ఎంతకీ తగ్గదే! తీరా చూస్తే ఆ మాసిక మీద బూజు గడ్డకట్టింది. బూజేనే! రొట్టె ముక్కకి పడుతుందే, అలాంటిది పసిదాని గుండెలో! "మందు ఆ గడ్డ లోపలికి దిగదు, కోసి తియ్యాల్సిందే" అన్నారాయన. "పిల్ల తట్టుకోదండీ" అని మత్తు డాక్టరు గొణిగాడు. "తియ్యకపోతే తట్టుకుంటుందా?" అని కసిరారు. తీశారు. చింతపిక్కంత ఉంది. పాత మాసికా పీకేశారు. పరాయి గుడ్డ పెడితే మళ్ళీ పడుతుందని, పిల్ల గుండె మీది పొరే కాస్త కత్తిరించి కుట్టారు. ఏం చెయ్యే ఆయనది!

బయటికెళ్ళి సీసా ఎత్తి చూపించారు. "ఇదిగోనయ్యా, నీ బిడ్డని తింటున్నది ఇదే!" తండ్రి వడ్రంగి. సీసాని కళ్ళారా చూసి ఆయన కాళ్ళ మీద పడిపోయాడు. నలుసంత మిగిలినా మళ్ళీ పెరుగుతుందని నీకు తెలుసుగా, ఇంటికి పంపేటప్పుడు మందు మాత్రం మానొద్దని ఆయనా చెప్పారు, నేనూ చెప్పాను. బుద్ధిగా తలూపాడు. పిల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళింది.

మళ్ళీ వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. "మందు వేస్తున్నావా?" అంటే, "లేదండీ, హాయిగా ఆడుకుంటోందిగా, ఆపేశాం" అన్నాడు. "ఎవడాపమన్నాడయ్యా నిన్ను?" అని పెద్దాయన అరిచారు. వడ్రంగి బిత్తరపోయాడు.

"అదేంటి బాబూ, బూజంతా సీసాలోకి తీసేశామని మీరే చూపించారుగా!"

పెద్దాయన పిల్లని తనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. మళ్ళీ కోశారు. ఈసారి పిల్ల బల్ల మీంచి లేవలేదు. ఆయన తలుపు తీసుకుని ఉత్త చేతులతో బయటికెళ్ళారు. ఆ తండ్రి, పిచ్చి తండ్రి, ఆయన మొహం చూడలేదే. సీసా ఏదీ అని చేతులకేసే చూస్తున్నాడు.

...

పాలు చల్లారిపోతున్నాయి, తాగు.