ప్లేట్ల కింద వస

వై.ఎన్.హొసకోట బజారులో కన్యకమ్మ పచారీ అంగడి. రాయచెర్లు నుంచి వచ్చిన సుబ్బక్క గోతంలోంచి ఒక పచ్చటి మొక్కను వేళ్లతో సహా బయటికి తీసింది.

“తక్కెడ మీద పెట్టొద్దు సుబ్బక్కా, బురద. కింద పెట్టు.”

“కింద పెట్టేదేంది శెట్టెమ్మా! నువ్వే ఇచ్చిన వస ఇది. మూడేండ్లాయ. చూడు, ఎంత ఏపుగా పెరిగిందో.”

“నేనెప్పుడిచ్చినా?”

“మరిచిపోతివా? మా మనవరాలు ధనుశ్రీకి. ఎండుకొమ్ము నాలికకు రాసీ రాసీ మాట రాలేదని నేనేడిస్తే, పచ్చిదైతే వస్తాది, నాటుకో పో అని నువ్వే ఇచ్చినావే.”

“ఇప్పుడెన్నేండ్లు పాపకు?”

“ఆరు.”

“మాట?”

“ముందు మొక్క చూడమ్మా.”

“యాడ పెంచినావు? మీ చేనంతా సోలార్‌కు లీజుకిస్తిరి కదా.”

“ఆ చేన్లోనే. ఆ సోలార్ ప్లేట్లు కడిగే కూలికి పోతాండ్లా నేను? కడిగిన నీళ్లన్నీ మా పాత గట్టు కాడికే జారతాండె. ఈ తాలూకాలో ఇంగ యాడుండాది అంత తడి? సూపర్వైజరు గడ్డనుకోని పీకేయమంటే, దేవుని మొక్కప్పా అని కాళ్లు పట్టుకుంటి.”

“ఆకు నలిపి చూసినావా?”

“చూసినా.”

“వాసనొచ్చిందా?”

“వచ్చింది. కొంచిం.”

“ఇట్లియ్యి... ఏం లేదే. పచ్చిగడ్డి వాసన.”

“నీకు జలుబేమో.”

“పొద్దస్తమానం ఇంగువ, వాము, వస మధ్యలో కూచునేదాన్ని, నా ముక్కుకే వంక పెడతావా? పువ్వొచ్చిందా?”

“వచ్చింది.”

“ఎట్లొచ్చింది? ఆకు పక్కనించి వేలంత పొడుచుకొచ్చిందా, లేకుంటే పైన కొసన చాక్లెట్ రంగు కండె వేసిందా?”

“కండె... కండె మాదిరే.”

“జమ్ము సుబ్బక్కా ఇది. చాపలల్లే జమ్ము. తడి కనపడితే చాలు, దాని దూది యాడనించో ఎగిరొచ్చి మొలుస్తాది.”

“నేను నాటిన చోటే మొలిచింది.”

“నువ్వు నాటింది మొలవదు.”

“ఏంది?”

“మొలవదు. అది మూటలోని ఎండుకొమ్మే. నానబెట్టి, పచ్చిదని ఇచ్చినా. ఆ పొద్దు నువ్వు ఈ మెట్ల మీద కూచోని లేవకపోతివి. చేతికేమన్నా ఇస్తే ఇంటికి పోతావని... తిట్టు. తిట్టు సుబ్బక్కా.”

“ఏం తిట్టేది.”

“పాపను డాక్టరుకన్నా చూపించినారా?”

“ప్లేట్లు కడిగేది నిలిపేసినారు శెట్టెమ్మా. మిషనొచ్చింది. నీళ్లే వద్దంట, ఉత్తగా తుడ్చుకుంటా పోతాది. నేల అప్పుడే నెర్రెలిచ్చింది.”

“నేనడిగేది డాక్టరు సంగతి.”

“కోడలు మొదట్లోనే పోదామనింది. మొక్క ఉండాది కదా అని నేనే ఆపినా.”

“అయితే చూపించనే లేదా?”

“పోయిన నెల తుమకూరుకు పిల్చుకోని పోయినా. నేనొక్కదాన్నే. చెవులే వినపడవంట, పుట్టినప్పటినించీ.”

“అయ్యో! మరి—”

“మూడేండ్లప్పుడే తెచ్చింటే ఆపరేషన్ చేసి మాట నేర్పించేవాళ్లమన్నాడు. ఇన్నాళ్లు ఏం చేస్తాంటివి అవ్వా, అనడిగినాడు.”

“ఏం చెప్పినావు?”

“వసకు నీళ్లు పోస్తాంటి అని చెప్పేదా?”

“అంతా నావల్లనే సుబ్బక్కా.”

“నీవల్ల కాదులే. దీనికి వాసన లేదని నాకు మొదటేడే తెలుసు.”

“తెలుసా? తెలిసీ మూడేండ్లు—”

“వసైతే పాప నాలికకు రాయాల. రాసినాక కూడా మాట రాకుంటే, ఇంగేం ఆశ మిగిలుంటాది?”

“మరి ఇప్పుడెందుకు మోసుకొచ్చినావు దీన్ని?”

“మా కోడలు శిల్పశ్రీ బయట నిలబడుండాది, పాప చెయ్యి పట్టుకోని. డాక్టరు చెప్పింది దానికింగా తెలీదు. లోపలికి పిలుస్తా. ఇది వసే, కొమ్ము ముదరలేదు, ఇంగొక్క యేడు ఆగండి అని చెప్పమ్మా, నీ నోటితో.”